అప్పు బామ్మర్ది దగ్గర, సలహా ఎవరి దగ్గర?

నర్సంపేట దిక్కు నుంచి ఒక రైతు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు రాయొద్దన్నారు, రాయడం లేదు. వయసు 41. సొంత భూమి నాలుగెకరాలు, కౌలు మూడెకరాలు. వరి, పత్తి, ఒక ఎకరం మిర్చి. ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆయన బామ్మర్దికి మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. పన్నెండేళ్లుగా విత్తనం, మందు, యూరియా అన్నీ అక్కడే, అదీ ఉద్దెర మీదే. పంట అమ్మాక లెక్క చూసుకుంటారు. ప్రస్తుతం బాకీ రెండు లక్షల ఎనభై వేలు. 2021 చివర్లో మిర్చి పూతలో తామర పురుగు పడినప్పుడు బామ్మర్ది రెండు మూడు మందులు కలిపి ఇచ్చాడు. వారానికి రెండుసార్లు కొట్టారు. ఆ రోజుల్లోనే కృషి విజ్ఞాన కేంద్రం నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చి తోట చూసి, ఇట్లా కలిపి కొడుతూ పోతే పురుగు తగ్గదు, ఇంకా పెరుగుతుంది, ఆపేయండి అన్నారు. ఈయన సగం తోటలో ఆపేశారు. చివరికి రెండు సగాల్లోనూ పంట పోయింది. "మందు ఆపినవు కాబట్టే పోయింది. యూనివర్సిటోళ్లు నీ బాకీ కడ్తరా?" అని బామ్మర్ది నలుగురిలో అన్నాడట. అప్పటి నుంచి ఇంట్లో ఆ మాట నలుగుతూనే ఉంది.

ఇప్పుడు వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లు కొత్త వరి రకం మినీకిట్ (పొలంలో వేసి చూడటానికి ఇచ్చే చిన్న విత్తన సంచి) ఇస్తాం, 20 గుంటల్లో వేసి చూడండి అని అడిగారు. ఈయనకు వేయాలని ఉంది. "ప్రయోగాలకు నీ పొలమే దొరికిందా బావా" అని బామ్మర్ది. "కష్టంల నిలబడ్డది మా తమ్ముడు. నువ్వు ఎవరినో నమ్మి ఆయన పరువు తీస్తున్నవు" అని భార్య. వారం రోజులుగా ఆమె సరిగా మాట్లాడటం లేదట. ముసలి నాయన మాత్రం మంచంలో కూర్చుని ఒకటే అడుగుతున్నారట: "అన్నన్ని జీతాలు తీసుకుంటరు, ఇన్నేండ్లల్ల మనకేం చేసిన్రు?"

మినీకిట్ వేయాలా వద్దా, షాపు మార్చాలా, ఇంట్లో ఈ గొడవ ఎట్లా సర్దుకోవాలి అన్నవి ఆయన ప్రశ్నలు. నాయనకు ఏం చెప్పాలో కూడా చెప్పమన్నారు.

తమ్ముడూ,

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట రాశారు. "షాపుకు పోయి ఫలానా మందు ఇయ్యి అని నేనెప్పుడూ అడగలేదు, ఏమిస్తే అది తెచ్చుకున్న." మీరు మాట వరసకు రాసినట్టున్నారు గానీ, నాకు మీ చిక్కంతా అక్కడే కనిపించింది. మీకు అప్పు ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, సలహా చెప్పేవాడు ఒక్కడే. పైగా ఆ ఒక్కడు మీ భార్య తమ్ముడు. మందు పేరు మీద మీరు సందేహపడినా అది ఆమెకు పుట్టింటి మీద సందేహంలా వినిపిస్తుంది. అందుకే తామర పురుగు గురించి మొదలైన మాట పెళ్లిలో పెట్టిన మర్యాదల దాకా పోతోంది.

మీ బామ్మర్ది చెడ్డవాడని నేననడం లేదు. అతనూ డిస్ట్రిబ్యూటర్ దగ్గర సరుకు అప్పు మీదే తెస్తాడు. కంపెనీ వాళ్లు సీజన్‌కు ఇన్ని లీటర్లు అని టార్గెట్ పెడతారు, దాటితే టూరు, లేకపోతే బంగారు నాణెం. పొద్దున ఆరింటికి ఆకు పట్టుకుని వచ్చిన రైతుకు "ఏమీ కొట్టకు, నాలుగు రోజులు చూడు" అని చెప్పగల వ్యాపారి ఎక్కడో ఒకడుంటాడు. ఉన్నా, ఆ రైతు పక్క షాపుకు పోయి కొనుక్కుంటాడు. తప్పు మనిషిది అనేకంటే, ఆ కౌంటర్ వెనక ఎవరు నిలబడ్డా అంతే అనుకోవడం నయం.

మాది పరకాల దిక్కు. మా నాయనది పత్తి. 1997-98లో లద్దెపురుగు పత్తి మీద పడి వరంగల్ జిల్లాలో చేలు చేలు ఊడ్చుకుపోయిన ఏడు నాకు బాగా గుర్తు. ఏ మందుకూ పురుగు చావలేదు. ఒకటి పనిచేయలేదని రెండోది, రెండూ పనిచేయలేదని కలిపి మూడోది కొట్టారు. ప్రతి డబ్బా ఉద్దెర మీద వచ్చిందే. పంట పోయాక మిగిలింది షాపు చిట్టీ. ఆ చిట్టీ చూసుకుని ప్రాణాలు తీసుకున్న రైతుల పేర్లు రోజూ పేపర్లో వచ్చేవి. మా నాయన బతికి బయటపడ్డారు, ఎకరం అమ్మి. అందుకే మీ ఉత్తరంలో "రెండు మూడు మందులు కలిపి" అన్న చోట నా చెయ్యి ఆగిపోయింది. నా సలహాలో ఈ జ్ఞాపకం కొంత కలిసి ఉంటుంది, అది దృష్టిలో పెట్టుకునే చదవండి.

ముందు ఆ 2021 సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా మినీకిట్ మాట ఇంట్లో తెగదు. ఆ ఏడు వచ్చింది మనకు అలవాటైన తామర పురుగు కాదు. కొన్నేళ్ల ముందే దేశంలోకి వచ్చి, ఆ సంవత్సరం తెలంగాణ, ఆంధ్ర మిర్చి తోటల మీద విరుచుకుపడిన కొత్త జాతి. ఆకు మీదకంటే పూవులో ఎక్కువ కాపురం ఉంటుంది. పూవు లోపల దాక్కున్న పురుగుకు పైన కొట్టిన మందు సరిగా తగలదు, దాన్ని తినే మిత్ర పురుగులకు మాత్రం బాగా తగులుతుంది. పైరిత్రాయిడ్ రకం మందులు పదే పదే కొడితే తామర పురుగు పెరుగుతుందన్నది అందుకే. కాబట్టి శాస్త్రవేత్త చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ రోజుకు ఆయన దగ్గరా పూర్తి మందు లేదు. నీలం జిగురు అట్టలు, వేప మందు, యూరియా తగ్గించడం, తోట చుట్టూ జొన్నో మక్కో వరసలు వేయడం వంటివన్నీ ముందు నుంచి చేస్తూ వస్తే తీవ్రత తగ్గించేవే తప్ప, పూత నిండా పురుగు కమ్ముకున్నాక కాపాడేవి కావు. ఆయన ఆ మాట మీకు విప్పి చెప్పి ఉండాల్సింది. "ఆపండి" అన్నారు గానీ "ఆపినా ఈసారి పంట దక్కకపోవచ్చు, ఖర్చు మాత్రం మిగులుతుంది" అనలేదు. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల నింద మీ మీద పడింది.

ఒక లెక్క మాత్రం చూసుకోండి. మందు కొట్టిన సగంలోనూ పంట పోయింది కదా? మరి పోయింది మందు ఆపినందుకు ఎట్లా అవుతుంది? ఆపిన సగంలో మీకు మందు ఖర్చు, కొట్టిన కూలి మిగిలాయి. పాత చిట్టీలు ఉంటే తీసి కూడండి. ఇది బామ్మర్దితో వాదించడానికి కాదు. మీ మనసులో "నేనే తప్పు చేశానేమో" అన్న ముల్లు ఒకటి ఉన్నట్టు ఉత్తరంలో తెలుస్తోంది, దాన్ని తీసుకోవడానికి.

ఇక మీ నాయన ప్రశ్న. అది తీసిపారేసే ప్రశ్న కాదు, పన్ను కట్టే ఎవరైనా అడగవలసిందే. జవాబు ఆయన రోజూ తినే కంచంలో ఉంది. మీ ఇంట్లో జగిత్యాల సన్నాలు ఎప్పుడైనా పండించారా? బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి అన్నం బాగుంటుంది గానీ నూట యాభై రోజులు పొలంలో ఉంటుంది, మన దగ్గర ఉల్లికోడు పురుగుకు తట్టుకోదు. వరంగల్‌లో తయారైన కావ్య అనే రకం కోడుకు తట్టుకుంటుంది. ఈ రెంటినీ కలిపి జగిత్యాల పరిశోధన స్థానంలో తీసిందే జగిత్యాల సన్నాలు. గింజ సన్నం, కోతకు ఇంచుమించు నెల ముందే వస్తుంది, కోడు బాధ తక్కువ. ఉల్లికాడల్లాంటి గొట్టాలు వచ్చి దుబ్బు దుబ్బే ఈనకుండా పోయిన మళ్లు మీ నాయన తప్పకుండా చూసి ఉంటారు. మందు కొట్టకుండానే ఆ పురుగు ఆగిన పొలాలకు కారణం ఎవరని ఎవరూ అడగలేదు. రకం పేరు గుర్తుంటుంది, తీసినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు.

ఆ పని ఒకసారి చేసి చేతులు దులుపుకునేదీ కాదు. కోడు ఊరికే ఉండదు, మారుతుంది. జగిత్యాల దిక్కు కోడు ఒక తీరు, వరంగల్ దిక్కుది ఇంకో తీరు అని శాస్త్రవేత్తలే విడదీసి చూపించారు. ఒకచోట తట్టుకున్న రకం ఇంకోచోట పడిపోవచ్చు. అందుకే హైదరాబాద్‌లో ఒక్క పెద్ద ఆఫీసు ఉంటే చాలదు, వరంగల్‌లో ములుగు రోడ్డు మీద ఒకటి, జగిత్యాల దగ్గర పొలాసలో ఒకటి, పెద్దపల్లి దిక్కు కూనారంలో ఒకటి పరిశోధన స్థానం ఉండాలి. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టిన నాటి నుంచీ పని ఇట్లా ఊళ్ల వెంట పరుచుకునే సాగింది. 2014లో మన రాష్ట్రానికి వేరుగా ఏర్పడ్డాక దానికి మన అక్కంపేట జయశంకర్ సారు పేరు పెట్టుకున్నాం. మరుసటి ఏడే వచ్చిన తెలంగాణ సోనా వరి సంగతి మీకు నేను చెప్పేదేముంది, మీ పక్క మడిలోనే ఉండి ఉంటుంది.

ఇంకోటి. ఆ వడ్లలోంచి రెండు బస్తాలు పక్కన పెట్టుకుని వచ్చే ఏడు విత్తుకోవచ్చు, చుట్టానికి ఇవ్వొచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మనంత వరకు 2001 నాటి చట్టం రైతుకు ఆ హక్కు ఇచ్చింది. హైబ్రిడ్ పత్తి ప్యాకెట్‌తో అట్లా కుదరదు, ఏటా కొనాల్సిందే. ఏటా కొననక్కర్లేని విత్తనం మీద ఏ కంపెనీ పదేళ్లు ఖర్చు పెట్టి కూర్చుంటుంది? ఆ పదేళ్ల జీతమే మీ నాయన అడుగుతున్న జీతం. సలహా సంగతీ అంతే. మన నేలల్లో భాస్వరం పేరుకుపోయి ఉంది, మట్టి పరీక్ష చేయించి డీఏపీ తగ్గించుకోండి అని శాస్త్రవేత్తలు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. "తక్కువ కొను" అని చెప్పడానికి ఎవరికో ఒకరికి మనం జీతం ఇచ్చుకోక తప్పదు.

అట్లాగని వాళ్లను నెత్తిన పెట్టుకోమని చెప్పను. మీ నాయన కోపంలో న్యాయం ఉంది. ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) అని లెక్క. ఆ పిల్లో పిల్లవాడో పంటల నమోదు, బీమా కాగితాలు, కొనుగోలు కేంద్రం డ్యూటీ అయ్యాక మీ చేనుకు రావాలి. రైతు వేదిక కట్టారు గానీ, మీరు పోయిన రోజు తాళం ఉంటే దానికంటే షాపు అరుగే నయం అనిపిస్తుంది. పైగా మంచి మాట అంతా విశ్వవిద్యాలయం నుంచే రాలేదు. జనగామ దగ్గర ఏనబావి రైతులు పురుగుమందులు మానేసింది స్వచ్ఛంద సంస్థల తోడుతో, వాళ్ల సొంత పట్టుదలతో. ఇంకో తికమక కూడా ఉంది, అది రైతులకు ఎవరూ సరిగా చెప్పరు. వరి, పత్తి చూసేది వ్యవసాయ విశ్వవిద్యాలయం, మిర్చి చూసేది ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం. ఆ ములుగు మన ములుగు కాదు, సిద్దిపేట జిల్లాది. మిర్చి ఆకు పట్టుకుని వరి శాస్త్రవేత్త దగ్గరికి పోతే అరకొర జవాబే వస్తుంది. అన్నీ ఒకచోట అడగాలంటే కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) నయం. మామునూరులో ఒకటి, మహబూబాబాద్ దిక్కు మల్యాలలో ఒకటి ఉన్నాయి. పోలేని రోజు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే చెబుతారు.

మినీకిట్ దగ్గరికి వద్దాం. పరిశోధన స్థానంలో ఏళ్ల తరబడి చూసి, వడపోతలో నిలిచిన రకాన్నే చివరి మెట్టుగా రైతు పొలంలో పెడతారు. కాబట్టి "ప్రయోగం" అని భయపడేంత కొత్తది కాదు. కానీ విడుదల కాలేదు కనుక రిస్కు లేదని నేను చెప్పలేను. ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు నోరు విప్పి అడగండి. పంటకాలం ఎంత, మీ కాలువ నీళ్లకు సరిపోతుందా? మీరు మామూలుగా వేసే రకాన్ని పక్కనే వేయమంటారా? పంట దెబ్బతింటే ఏమైనా ఇస్తారా, ఇవ్వరా? ఇవ్వరనే చెప్పొచ్చు, అది ముందే తెలిస్తే తర్వాత బాధ ఉండదు. నాలుగోది డబ్బు సంగతి. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ వస్తోంది కదా, పేరు లేని రకానికి కొనుగోలు కేంద్రంలో అది ఇస్తారా? ఇవ్వకపోతే ఆ 20 గుంటల వడ్లు ఇంటి తిండికి పెట్టుకోండి, అమ్మేవాటితో కలపకండి. నూర్పిడి విడిగా చేయించండి.

వేయకపోతే ఏమవుతుంది? కొంపలేమీ మునగవు. ఇంట్లో ఈ సీజన్‌కు ప్రశాంతత ఉంటుంది, దానికీ విలువ ఉంది. కానీ మీరు ఉత్తరంలో రాసిన తీరు చూస్తే, వేయకపోతే ఆ కోపం బామ్మర్ది మీద ఇంకో దారిన బయటపడుతుందేమోనని నా అనుమానం. వేస్తే పరిశోధన స్థానం వాళ్లు మీ పొలానికి సీజన్లో కొన్నిసార్లు వస్తారు, ఆ వంకతో మీ మిగతా ఆరున్నర ఎకరాలూ చూపించుకోవచ్చు. అసలు లాభం అదే అంటాను నేను. కాకపోతే దొంగచాటుగా వేయొద్దు. కౌలు పొలంలో, కంటికి దూరంగా వేద్దామని ఒకచోట రాశారు. ఊళ్లో ఏదీ దాగదు. దాచి వేస్తే అది విత్తనం కాదు, ద్రోహం అనిపిస్తుంది మీ ఆమెకు.

షాపు పూర్తిగా మానేయడం మూడో దారి. దానికి ముందు బాకీ తీరాలి. మీ పేరు మీద పట్టాదారు పాస్‌బుక్ ఉంది కదా, నాలుగెకరాలకు బ్యాంకులోనో సొసైటీలోనో కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం ఎంత వస్తుందో అడిగారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మూడు లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 4 శాతం పడుతుంది. కౌలు భూమికి అది దొరకడం కష్టం, సొంతానికి దొరుకుతుంది. బామ్మర్ది వడ్డీ అడగడు అని రాశారు. నిజమే కావచ్చు. కానీ నగదు రేటు ఎంత, ఉద్దెర రేటు ఎంత అని ఒక్కసారి అదే డబ్బాకు ఇంకో షాపులో అడిగి చూడండి. తేడా వడ్డీయే, పేరు వేరు. అయితే ఒకేసారి బాకీ కట్టేసి ముఖం తిప్పుకుంటే, రేపు రాత్రి పూట ఆస్పత్రి ఖర్చుకు చెయ్యి చాచే మనిషిని పోగొట్టుకుంటారు. బ్యాంకు ఆ రాత్రి తలుపు తీయదు. ఇది మీ భార్యకు మీకంటే బాగా తెలుసు, ఆమె భయం అదే.

నాకు మనసొప్పే దారి మధ్యలో ఉంది, కానీ అది నిదానం, ఓపిక కావాలి. బంధుత్వం ఉంచండి, కొనుగోలు కూడా అక్కడే ఉంచండి, సలహా మాత్రం విడదీయండి. ఈ వానాకాలం పెట్టుబడికి బ్యాంకు డబ్బు తెచ్చుకుని నగదు ఇచ్చి కొనండి, పాత బాకీ రెండు మూడు పంటల్లో తీర్చుకోండి. మచ్చ కనిపించిన రోజు ముందు ఏఈఓకో కేవీకేకో ఫొటో పంపి, చెప్పిన మందు పేరు చీటీ మీద రాసుకుని షాపుకు పోండి. "ఏమిస్తే అది" అన్నది ఆగిపోవాలి. బిల్లు తప్పకుండా తీసుకోండి, బామ్మర్ది అయినా సరే. రేపు సరుకు నకిలీదని తేలితే అతని మీదికి రాకుండా కంపెనీని నిలదీయడానికి అతనికీ ఆ కాగితమే దిక్కు. ఇట్లా చెబితే అతను తీసుకోగలడు. మొదటి రెండు నెలలు ముఖం మాడ్చుకుంటాడు, అమ్మకం తగ్గుతుంది కాబట్టి. దానికి సిద్ధపడండి.

ఇంకో ఉపాయం ఉంది, మీకు నచ్చకపోవచ్చు. పురుగుమందుల లైసెన్సుకు ఇప్పుడు చదువు అర్హత ఉంది. షాపుల వాళ్ల కోసం 'దేశీ' (DAESI) డిప్లొమా అని ఏడాది కోర్సు నడుస్తోంది. వారానికి ఒకరోజు క్లాసు, కొన్ని రోజులు పొలాల్లో. పాఠాలు చెప్పేది ఈ శాస్త్రవేత్తలే. మీ బామ్మర్ది చేశాడా? చేయకపోతే చేయమని మీరు చెప్పకండి, మీ ఆమెతో చెప్పించండి. చేసి ఉంటే ఇంకా సులువు, మినీకిట్ చూడటానికి శాస్త్రవేత్త వచ్చిన రోజు అతన్నీ పొలానికి పిలవండి. నలుగురిలో అన్న మాట నలుగురి ముందే చల్లారే అవకాశం అక్కడుంది. శాస్త్రవేత్త ముందు అతన్ని చిన్నబుచ్చే మాట మాత్రం మీ నోట రాకూడదు, "మా బామ్మర్దికి మందుల సంగతి బాగా తెలుసు" అనే పరిచయం చేయండి. తెలుసు కూడా కదా, పన్నెండేళ్లు ఎన్ని వందల ఆకులు చూసి ఉంటాడు!

మీ ఆమెతో మాత్రం మందుల గురించి, యూనివర్సిటీ గురించి వారం పది రోజులు మాట్లాడకండి. ముందు ఆమె తమ్ముడు ఆ ఏడు నిలబడ్డందుకు మీరు ఆమెకు ఎప్పుడైనా నోరారా ఒక మాట చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. అది చెప్పాక మినీకిట్ మాట ఎత్తండి, నిర్ణయంలో ఆమెను కలపండి. రకం ఎట్లుందని పరిశోధన స్థానం వాళ్లు అడిగేటప్పుడు దిగుబడి ఒక్కటే అడగరు, అన్నం ఎట్లయింది, మెత్తబడిందా, పొద్దటిది రాత్రికి గట్టిపడిందా అని కూడా అడుగుతారు. దానికి జవాబు మీ దగ్గర ఉండదు, ఆమె దగ్గరే ఉంటుంది. కోత అయ్యాక నాలుగు కిలోలు మర పట్టించి ఆమె చేతికివ్వండి. మొదటి రోజు బామ్మర్దిని భోజనానికి పిలవండి, ఏ బియ్యమో మాత్రం తిన్నాకే చెప్పండి.